కంది చేను, రాతి గని: సమన్వయ పరిశోధనకు ఒక పరీక్ష

సుస్థిరాభివృద్ధి అనే మాట నేడు ప్రతి ప్రణాళికా పత్రంలోనూ కనిపిస్తున్నది. 1987లో బ్రంట్‌లాండ్ సంఘం తన నివేదిక ద్వారా ఈ మాటకు ప్రపంచవ్యాప్తంగా ప్రచారం కల్పించింది. నేటి తరం తన అవసరాలు తీర్చుకునే క్రమంలో రేపటి తరానికి దారి మూసివేయరాదన్నదే దాని సారాంశం. ఈ లక్ష్యాన్ని ఏ ఒక్క శాస్త్రమూ ఒంటరిగా అందుకోజాలదు. కనుకనే ఆర్థిక, సామాజిక, వ్యవసాయ, వైద్య శాస్త్రాలు చేతులు కలపాలని విశ్వవిద్యాలయాలు కోరుతున్నవి. కోరిక సమంజసమే. అయితే కలయిక అనగా ఏమిటి? అయిదుగురు పండితులు అయిదు అధ్యాయాలు వ్రాసి ఒకే అట్టలో కుట్టించడమా, లేక ఒకే ప్రశ్నను అయిదుగురూ కలిసి అడగడమా? తెలంగాణ నేల మీద జరిగిన రెండు ప్రసిద్ధ అధ్యయనాలను ఈ ప్రశ్నతో పరీక్షించి, వికారాబాద్ జిల్లాలోని తాండూరు, బషీరాబాద్ ప్రాంతానికి వాటి నుంచి ఏ మేలు లభించగలదో విచారించవలసి ఉన్నది.

ముస్లిం విద్యాచరిత్రకు ఈ భావన కొత్తది కాదు. 1332లో ట్యునీసులో జన్మించి 1406లో కైరోలో మరణించిన ఇబ్నె ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో శీతోష్ణస్థితిని, జీవనోపాధిని, వంశబలాన్ని, పన్నులను, రాజ్యాల ఉత్థాన పతనాలను ఒకే వాదంలో ముడివేశాడు. పన్నుల భారం మితిమీరితే శ్రమించేవారి ఉత్సాహం సన్నగిల్లుతుందని, తుదకు ఖజానా రాబడి కూడా పడిపోతుందని ఆయన వివరించాడు. రైతు మనసు, పంట రాశి, పాలకుని బొక్కసం ఇక్కడ మూడు వేర్వేరు అధ్యాయాలు కావు, ఒకే గొలుసులోని లంకెలు. సమన్వయ పరిశోధనకు కొలబద్ద ఇదే.

మొదటి అధ్యయనం శామీర్‌పేటకు సంబంధించినది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం సామాజిక సేవా విస్తరణ పథకం పేరిట హైదరాబాదుకు సమీపంలోని ఆ గ్రామాన్ని ఎన్నుకున్నది. మానవశాస్త్రజ్ఞులతోపాటు వైద్యం, వ్యవసాయం, పశువైద్యం మొదలైన శాఖల వారు కూడా అక్కడ పనిచేశారు. ఆ కృషి నుంచే శ్యామాచరణ్ దూబే వ్రాసిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో వెలువడింది. కులాలు, కుటుంబం, వృత్తులు, పండుగలు, జీవన ప్రమాణాలు అన్నింటినీ ఒక ఊరి చట్రంలో చూపిన ఈ గ్రంథం భారత గ్రామీణ అధ్యయనాలకు మార్గదర్శకమైనది. గ్రామంలోని ముస్లింలను వేరే ద్వీపంలా కాక, ఆ ఊరి అమరికలో భాగంగానే చూడడం దీని విశిష్టత.

ఇంతటి గ్రంథంలోనూ ఒక లోటు గోచరిస్తుంది. పొలానికి పలువురు శాస్త్రజ్ఞులు వెళ్ళారు, పుస్తకం మాత్రం ఒక్క శాస్త్రానిదే అయింది. వైద్యుడు చూసిన రోగం, వ్యవసాయ నిపుణుడు చూసిన నేల, మానవశాస్త్రజ్ఞుడు చూసిన ఆచారం ఒకదానికొకటి కారణమెలా అవుతున్నవన్న ప్రశ్న దాని వెన్నెముక కాలేదు. పైగా అది ఒక కాలపు చిత్రం. ఊరు ఆనాడు ఎలా ఉన్నదో అద్భుతంగా చెప్పింది. ఏ నిర్ణయం వల్ల ఏ ఇల్లు ఎటు నడిచిందో చెప్పాలంటే ఏండ్ల తరబడి చూడవలసి ఉంటుంది.

ఆ కొరతను తీర్చినది రెండవ అధ్యయనం. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ 1975లో ఆరు గ్రామాల పరిశీలన ప్రారంభించింది. వాటిలో ఔరేపల్లి, దోకూరు నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోనివి, మిగిలినవి మహారాష్ట్రలోనివి. గ్రామానికి నలభై కుటుంబాలను ఎన్నుకుని, పరిశోధకులు ఊళ్ళోనే నివసిస్తూ ఆదాయం, అప్పు, కూలి, ఆహారం నమోదు చేశారు. ఔరేపల్లి వంటి చోట్ల ఈ నమోదు పదేండ్లు సాగింది. థామస్ వాకర్, జేమ్స్ రయాన్ ఆ ఫలితాలను 1990లో గ్రంథంగా వెలువరించారు. ఆ సంస్థలోనే పనిచేసిన ఎన్.ఎస్. జోధా 1986లో ఉమ్మడి భూములపై ప్రకటించిన వ్యాసం మరింత విలువైనది. ఏడు రాష్ట్రాలలోని 80కి పైగా గ్రామాలను పరిశీలించి, మూడు దశాబ్దాలలో బంచరాయి వంటి ఉమ్మడి భూములు చాలాచోట్ల 31 నుంచి 55 శాతం వరకు తరిగిపోయినట్లు ఆయన తేల్చాడు. పేదల పేరిట పంచిన భూమిలోనూ పెద్ద భాగం పేదలు కానివారి చేతికే చేరింది. సమష్టి ప్రయోజనానికై కాపాడే పచ్చికబీడును ‘హిమా’ అని గౌరవించిన న్యాయసంప్రదాయాన్ని ఎరిగిన పాఠకులకు ఈ అంకెల బరువు వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఇక్రిశాట్ అధ్యయనానికి పునాది వ్యవసాయం. నేల, వాన, పంట అనే మూడు గుర్తులతో గ్రామాలను ఎన్నుకున్నారు. నేల మీది పంటకూ నేల కింది రాతికీ పోటీ ఏర్పడిన ప్రాంతం ఆ చట్రంలో ఇమడలేదు. తాండూరు, బషీరాబాద్ అటువంటి ప్రాంతమే.

కర్ణాటక సరిహద్దున గల ఈ సీమలో భీమా పరీవాహపు సున్నపురాతి పొరలపై నల్లరేగడి పరచుకొని ఉన్నది. ఆ రేగడిలో పండే తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ రేగడి కిందనే తాండూరు నాపరాయి ఉన్నది. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి వరకు రైలుమార్గం ఏర్పడినందున సరుకు దూరప్రాంతాలకు పోవడానికి దారి దొరికింది. కందికి కీర్తి తెచ్చిన నేల, రాతికి కీర్తి తెచ్చిన నేల ఒక్కటే కావడం ఈ ప్రాంతపు భాగ్యం, చిక్కు కూడా. రాయి తీయాలంటే పైనున్న మన్ను తొలగించాలి. తుక్కు దిబ్బలుగా పేరుకుంటుంది. కార్ఖానాలలో బండను నునుపు చేసినప్పుడు వచ్చే తెల్లని బురద ఎండి ధూళిగా లేస్తుంది.

ప్రభుత్వ విధానం ఈ ఒక్క నేలను ఎన్ని ముక్కలుగా చూస్తున్నదో గమనార్హం. సున్నపురాయిని బండలుగా కోస్తే అది చిన్నతరహా ఖనిజమై రాష్ట్ర నిబంధనల కిందికి వస్తుంది. అదే రాయి సిమెంటు కొలిమికి చేరితే పెద్దతరహా ఖనిజమై కేంద్ర చట్టం కిందికి వస్తుంది. ధూళి కాలుష్య నియంత్రణ మండలి వంతు, దగ్గు ఆరోగ్య శాఖ వంతు, కంది వ్యవసాయ శాఖ వంతు. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం కంది పేరును కాపాడుతుంది, ఆ పేరుకు మూలమైన మట్టిని కాపాడదు. మట్టి పోయి పేరు మిగిలితే ఎవరికి లాభం?

ఒక రైతు ఎదుట నిలిచే ప్రశ్న చాలా సామాన్యమైనది. ఎకరం చేనును రాతికి ఇవ్వాలా, కందికే ఉంచాలా? రాయి ఒక్కసారి పెద్ద మొత్తం ఇస్తుంది. కంది ఏటా కొద్దికొద్దిగా ఇస్తుంది, వాన తప్పితే అదీ ఇవ్వదు. ఇరవై ఏండ్ల లెక్క వేయాలంటే నేల శాస్త్రజ్ఞుడు, ఆర్థికవేత్త, వైద్యుడు ఒకే కాగితం మీద కలవాలి. గనిలో కూలి చేసే ఇల్లు, చేనులో కూలి చేసే ఇల్లు ఒకటే అయినప్పుడు ఆ కాగితంలో సమాజశాస్త్రజ్ఞుడు కూడా ఉండాలి. ఈ లెక్క ఆ రైతుకు అందించని పరిశోధన ఎన్ని శాస్త్రాల పేర్లు చెప్పుకున్నా సమన్వయ పరిశోధన అనిపించుకోజాలదు.

ముస్లింల స్థితిగతుల అధ్యయనాలకూ ఈ విమర్శ వర్తిస్తుంది. 2006 నాటి సచార్ నివేదిక ముస్లింలు సొంత వృత్తులపై ఇతరుల కంటే ఎక్కువగా ఆధారపడి ఉన్నట్లు చూపింది. 2016లో సుధీర్ సంఘం తెలంగాణ ముస్లింల స్థితిని విచారించింది. ఈ నివేదికలు అత్యవసరమైనవి. కాని రాష్ట్ర సగటు అంకె తాండూరు రాతి ధూళిలో పనిచేసేవాని ఊపిరిని కొలవదు, బషీరాబాదులో కౌలుకు చేను చేసేవాని అప్పును విప్పి చూపదు. తెలుగు, ఉర్దూ, కన్నడం కలగలిసిన ఈ సరిహద్దు పల్లెలలో ఒక్క భాషతో తిరిగే పరిశోధకునికి సగం ఊరు వినబడదు.

దీనికి నిధులు లేవని చెప్పడం చెల్లదు. 2015లో ఖనిజ చట్టానికి జరిగిన సవరణ గనుల ప్రభావిత ప్రాంతాల మేలు కోసం జిల్లా ఖనిజ ఫౌండేషన్లను ఏర్పరచింది. ఆ ధనం తాగునీరు, ఆరోగ్యం, విద్య వంటి వాటికి వెచ్చించాలన్నది నియమం. ఏ ఊరికి ఏది ముందన్న నిర్ణయానికి ఆధారంగా, శామీర్‌పేట వలె ఊరిని సమగ్రంగా చూసే, ఔరేపల్లి వలె ఏండ్ల తరబడి నిలిచే అధ్యయనం ఒకటి ఈ నిధి నుంచే ప్రారంభించదగినది. దాని ఫలితాలను గ్రామసభలో ఆ మూడు భాషలలో చదివి వినిపించే ఏర్పాటు మొదటి పుటలోనే ఉండాలి. ఎవరి చేను గురించి వ్రాశారో వారే తప్పొప్పులు చెప్పగలరు.