పాఠంలో పురుగు ఉంది, నేల లేదు

కీటకాహార మొక్కల గురించి మన పిల్లలు చదివే పాఠాలకు ఒక అలవాటు ఉంది. మొక్క పురుగును ఎలా పట్టిందో బొమ్మ వేసి మరీ చెబుతాయి. ఆ మొక్క ఎలాంటి నేలలో నిలబడి ఉందో చెప్పవు. ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి సైన్సు పుస్తకంలో ఏళ్ల తరబడి నడిచిన పాఠమే చూడండి. నెపెంథిస్ బొమ్మ ఉంది, మూత ఉన్న కూజా ఉంది, అందులో పడే పురుగు ఉంది. పచ్చగా ఉండి తన తిండి తానే వండుకునే మొక్కకు పురుగుతో పనేమిటన్న మంచి ప్రశ్న కూడా ఉంది. నేలలో కావలసినవన్నీ దొరకడం లేదేమో అని ఒక సూచన ఇచ్చి, పాఠం ముందుకు పోయింది. పాఠం మొదలు కావలసిన చోటే అది.

పైగా ఆ కూజా మొక్క మనకు దూరపు చుట్టం. మన దేశంలో అది మేఘాలయ కొండల మొక్క. అక్కడి గారో జనం దాన్ని మెమాంగ్ కొక్సీ అంటారు, అంటే దయ్యం బుట్ట. ఆ పేరు పాఠంలో ఉంటే పిల్లలు ఇంకా బాగా గుర్తుపెట్టుకునేవారు. అది అలా ఉంచండి. మన తూర్పు కనుమల వాలుల్లో, తెలంగాణ ఎర్ర గరప నేలల్లో ఉండే డ్రాసెరా మాట ఎత్తేవారే తక్కువ.

మన దగ్గర పెరిగేవి ముఖ్యంగా రెండు రకాలు. డ్రాసెరా బర్మాని నేలకు అతుక్కుని, గుండ్రంగా, రూపాయి బిళ్ళంత ఉంటుంది. ఎండ బాగా తగిలితే ఎర్రబడుతుంది. డ్రాసెరా ఇండికా నిలువుగా లేచి, దారాల్లాంటి సన్నని ఆకులతో ఉంటుంది. రెండింటి ఆకుల మీదా వెంట్రుకలుంటాయి, ఒక్కో వెంట్రుక చివర జిగురు బొట్టు ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా మంచు పడ్డట్టు మెరుస్తుంది. చీమో దోమో వాలితే అంటుకుపోతుంది. బర్మాని ఆకు అంచున ఉండే వెంట్రుకలైతే కొన్ని సెకన్లలోనే లోపలికి వంగుతాయి. తర్వాత ఆకు వదిలే రసాలు పురుగు మెత్తటి భాగాలను కరిగిస్తాయి. మొక్కకు కావలసిన నత్రజని అందులోంచి వస్తుంది.

ఆ నత్రజని నేలలో ఎందుకు లేదు? అది ఊట నేల కాబట్టి. రాతి మీద పలచగా మట్టి, దాని మీదుగా వానాకాలమంతా నీరు జారుతూనే ఉంటుంది. ఆ నీరు సారాన్ని కడిగేస్తుంది. అలాంటి చోట ఎత్తు గడ్డి బలంగా పెరగలేదు. గడ్డి ఎదగదు కాబట్టి నేలబారు మొక్కకు ఎండ దొరుకుతుంది. అంటే ఆ నేల పేదరికమే డ్రాసెరాకు కోటగోడ. ఈ ఒక్క మాట పిల్లలకు అర్థమైతే మిగతాదంతా వాళ్లే చెబుతారు. పై చేలో వేసిన యూరియా వాననీటితో ఊటలోకి దిగితే ఏమవుతుంది? మొక్కకు మేలు జరగదు. గడ్డి బలిసి దాన్ని కప్పేస్తుంది. ఊట పైన జామాయిల్ నాటితే తడి తగ్గుతుంది. అక్కడే పొక్లెయిన్‌తో కుంట తవ్వితే మొక్కా, దాని విత్తనం పడ్డ మట్టీ కలిసి గట్టుకు ఎక్కుతాయి. ఒక్క మొక్కనూ ఎవరూ పీకకుండానే ఇదంతా జరిగిపోతుంది.

ఇక పత్రికల సంగతి. మాంసాహార మొక్క, అరుదైన మొక్క అని శీర్షిక, పెద్ద ఫొటో, ఊరి పేరు, గుట్ట పేరు. చదివినవాళ్లు బళ్లేసుకుని వచ్చి చూస్తారు, కొందరు కుండీలో పెట్టుకుందామని తవ్వుకుపోతారు. పేదనేలలో బతికే మొక్క ఎరువేసిన కుండీలో బతకదు. ఇలాంటి వార్తల్లో చాలాసార్లు చివరి పేరా ఒకటే: పశువుల వల్ల, గిరిజనుల వల్ల ముప్పు ఉంది, కంచె వేయాలి.

ఈ మాటను ఒప్పుకునే ముందు ఇంగ్లండు వైపు ఒకసారి చూడాలి. చార్లెస్ డార్విన్ 1860 వేసవిలో ససెక్స్ ప్రాంతంలోని హార్ట్‌ఫీల్డ్ దగ్గర బీడులో డ్రాసెరాను చూసి ఆశ్చర్యపోయాడు. పచ్చి మాంసం ముక్కలు, గుడ్డు తెల్లసొన, గాజు ముక్కలు పెట్టి పరీక్షించాడు. 1875లో కీటకాహార మొక్కల మీద పుస్తకం వేశాడు. అందులో ఎక్కువ భాగం ఈ చిన్న మొక్కదే. హార్ట్‌ఫీల్డ్ ఆష్‌డౌన్ అడవి అంచున ఉంది. అక్కడి ఊళ్లవాళ్లకు ఆ బీడులో పశువులు మేపుకునే, గడ్డీగాదం కోసుకునే హక్కులు తరతరాలుగా ఉన్నాయి. ఆ కోత మీద దొరకూ వాళ్లకూ కోర్టులో తగువు నడిచింది, 1885లో ఆ అడవి కోసం చట్టం వచ్చింది. ఇప్పుడక్కడ సంరక్షకుల బాధ ఏమిటంటే, మేపూ కోతా తగ్గిపోయి బీడంతా పొదలు కమ్ముకోవడం. పొదల నీడలో డ్రాసెరా ఉండలేదు. అందుకని మళ్లీ పశువులను తెచ్చి మేపుతున్నారు. మన నేలా ఆ నేలా ఒకటని నేననడం లేదు. మందంతా ఊటలో పడుకుంటే ఏదీ మిగలదు, పేడ కూడా ఎరువే. కానీ మేత ఎంత, ఏ నెలలో అని అడగకుండా కంచె వేయమనడం పరిశీలన అనిపించుకోదు.

చట్టమూ ఈ మొక్కను పెద్దగా చూడలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 1991లో మొక్కల జాబితా చేర్చినప్పుడు ఆరింటికే చోటు దొరికింది. మేఘాలయ కూజా మొక్క ఉంది, మన శేషాచలం కొండల పెరిత ఉంది. డ్రాసెరా లేదు. అయినా చేతిలో ఏమీ లేదని కూర్చోనక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం అడవినీ, జీవవైవిధ్యాన్నీ, నీటి వనరులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి.

ఆ రిజిస్టరులో ఒక వరుసలో మొక్క పేరు రాసి ఊరుకుంటే అది కూడా మన పాఠంలాగే అవుతుంది. ఊట ఎక్కడ పుడుతుంది, ఏ నెల దాకా తడి ఉంటుంది, పైన ఉన్న చేలో ఏం వేస్తున్నారు, పశువులు ఎప్పుడు దిగుతాయి అన్నవి రాయించాలి. ఇది ఏడాది మొక్క, ఎండాకాలానికి విత్తనం రాల్చి మాయమవుతుంది. మే నెలలో సర్వేకు వచ్చినవాళ్లకు ఎండిన బీడే కనిపిస్తుంది, బీడనే రాసుకుపోతారు. అందుకని పిల్లలను తీసుకెళ్లేది కార్తీకంలో, ఊట ఇంకా తడిగా ఉన్నప్పుడు. కోయలోనో, కువిలోనో, సవరలోనో దానికి పేరుందేమో ముసలివాళ్లను అడగాలి. పేరు దొరక్కపోతే ఆ గడి ఖాళీగా ఉంచాలి, మనమే ఒకటి కల్పించి పెట్టకూడదు. గుట్ట పేరు మాత్రం రిజిస్టరులోనే ఉండాలి, పత్రికకు ఇవ్వకూడదు.