ప్రతి స్క్రూకూ ఒక నంబరు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో తయారైన పాత ఫిషింగ్ రీల్ చేతికొస్తే నేను ముందు చూసేది దాని స్క్రూలనే. మీక్ సోదరులు, వాళ్ల దగ్గర పని నేర్చుకున్న బెంజమిన్ మైలమ్ చేసిన రీళ్లలో స్క్రూలకు నంబర్లుంటాయి. ఏ రంధ్రంలోంచి తీసిన స్క్రూ మళ్లీ ఆ రంధ్రంలోకే పోవాలి. చేత్తో మరలు కోసిన రోజులవి. ఒకచోటికి కోసింది ఇంకోచోట కుదరదు. ఆ వరస ఇప్పటికీ తప్పలేదంటే, ఇన్నేళ్లలో దాన్ని విప్పినవాళ్లంతా పని తెలిసినవాళ్లేనన్నమాట.

మన చెరువుగట్టు మీద వెదురు గాలానికి రీల్‌తో పనిలేదు. కెంటకీ వాళ్లకు పనిబడింది. బ్లాక్ బాస్ అనే చేప కోసం బతికున్న చిన్న చేపను ఎరగా గుచ్చి దూరంగా విసిరేవాళ్లు. అంత తేలికైన ఎర లాగితేనే దారం చుట్ట గిర్రున తిరగాలి, తిప్పగానే దారం త్వరగా వెనక్కి రావాలి. పళ్లచక్రాల రీళ్లు అంతకుముందే లండన్‌లో ఉన్నా, ఈ పనికి తగ్గట్టు చేసినవాడు జార్జ్ స్నైడర్. కెంటకీలోని పారిస్ అనే చిన్న ఊళ్లో గడియారాలు, వెండిపని చేసేవాడు. 1820 నాటికే ఆయన రీళ్లు వాడకంలో ఉన్నాయి. ఆ తర్వాత అదే రాష్ట్రంలోని ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణంలో మీక్ సోదరులు. వాళ్లదీ గడియారాల దుకాణమే.

నన్ను రీళ్ల సేకరణలోకి లాగింది ఈ గడియారపు పనితనమే. పిడి ఒక్కసారి తిప్పితే చుట్ట నాలుగుసార్లు తిరుగుతుంది, చప్పుడు వినపడదు. ఇత్తడి, జర్మన్ సిల్వర్. బ్రేకు లేదు, విసిరేటప్పుడు చుట్ట మీద ఆనించిన బొటనవేలే బ్రేకు. గడియారపు ఇరుసును సానబట్టిన చెయ్యి కాకపోతే ఇంత నునుపు రాదు.

రీల్ పక్క పలక మీద చెక్కిన పేరును ఓపిగ్గా చదవాలి. ‘జె.ఎఫ్. అండ్ బి.ఎఫ్. మీక్’ అని ఉంటే అన్నదమ్ములు కలిసున్న కాలం. ‘మీక్ అండ్ మైలమ్’ అంటే శిష్యుడు భాగస్వామి అయ్యాడు. ‘బి.ఎఫ్. మీక్ అండ్ సన్స్’ అంటే లూయీవిల్‌కు మారి కొడుకులతో పెట్టిన దుకాణం. 1916లో ఆ వ్యాపారాన్ని కనెటికట్‌లోని హోర్టన్ కంపెనీ కొనేసింది. పేరు రీళ్ల మీద ఉండిపోయింది. రీల్ ఏ కాలానిదో చెప్పేది ఆ పేరే, అందుకే మెరుపు కోసం పాలిష్ పట్టేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ముందు అరిగిపోయేది ఆ అక్షరాలే.

గడియారాలతో సంబంధం లేని మంచి రీళ్లూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల మనిషి ఆల్‌ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంట్ తీసుకున్న రీల్‌లో చుట్ట తిరగదు. నాడెలోని కండె నుంచి నూలు జారినట్టు, దారం దాని చివర నుంచి జారిపోతుంది. నేత తెలిసిన ఏ ఇంట్లోనైనా ఒక్క చూపులో అర్థమయ్యే సంగతి. అయినా నా మనసు గడియారాల వైపే లాగుతుంది.

స్వీడన్‌లోని స్వెంగ్‌స్టాలో 1921లో ఆబు కంపెనీ మొదలైంది. జేబు గడియారాలు చేసింది, తర్వాత ట్యాక్సీ మీటర్లు. రెండో ప్రపంచయుద్ధంలో ట్యాక్సీలు ఆగిపోయి మీటర్లు కొనేవాళ్లు లేకపోయారు. అవే యంత్రాల మీద, అదే పనివాళ్లతో 1941లో ‘రికార్డ్’ రీల్ తీసుకొచ్చింది. ఆ దారిలోనే తర్వాత అంబాసడర్ రీళ్లొచ్చాయి. కెంటకీ రీళ్లు మాత్రమే కొనేవాళ్లు వీటిని ఫ్యాక్టరీ సరుకని పక్కన పెడతారు. నేనొప్పుకోను. మైలమ్ రీల్ ఉన్న అరలోనే నా ఎర్ర అంబాసడర్ కూడా ఉంది. స్వెంగ్‌స్టాలో చేసిన ట్యాక్సీ మీటరు ఒకటి దొరికితే బాగుండును. ఆ మీటరూ అంబాసడరూ రెండూ విప్పి, గేర్లు పక్కపక్కన పెట్టి చూడాలి.