'పరయా' ఎవరి పేరు?

ఒక దేశాన్ని మిగతా దేశాలు దూరం పెడితే ఇంగ్లీషు పత్రికలు దాన్ని 'పరయా స్టేట్' అంటాయి. వర్ణవివక్ష నడిపిన నాటి దక్షిణాఫ్రికా ప్రభుత్వానికీ ఇదే పేరు తగిలించినయి. వివక్ష చేసినోనికి వివక్ష పడ్డోళ్ల పేరు! ఇంతకన్నా తలకిందుల యవ్వారం ఉంటదా?

తమిళంలో 'పరై' అంటే డప్పు. పరయర్లనేది దాన్నుంచే వచ్చిందంటారు. ఒక జనం పేరును తెల్లదొరలు తీసుకపోయి వెలికి మారుపేరు చేసుకున్నారు. అయితే దొరలను తిట్టి ఊరుకుంటే మన అగ్రవర్ణ మేధావులకు హాయి. ఆ అర్థాన్ని దొరల చేతికిచ్చింది ఊరే కదా!

అది ఇప్పుడు ఉత్త ఇంగ్లీషు మాట, కులంతో ఏం పని అని కొందరి వాదన. పరయర్లు తమిళనాట ఇయ్యాల్టికీ ఉన్నారు, ఇంగ్లీషు పేపర్లూ చదువుతున్నారు. రాసినోని ఉద్దేశం మంచిదే కావచ్చు, చదివేటోనికి తగిలేది మాత్రం తన పేరే.

1893లోనే రెట్టమలై శ్రీనివాసన్ తన పత్రికకు 'పరయన్' అని పేరు పెట్టిండు. మన దగ్గర 1994లో దండోరా లేచినంక 'మాదిగ' పేర్ల చివర నిలబడ్డది. ఎవరి పేరు వాళ్లు తలెత్తి పెట్టుకునుడు వేరు, సంపాదకుడు దాన్ని తిట్టుగా వాడుడు వేరు. ఈ తేడా పట్టని భాషాభిమానాన్ని మేం ఒప్పుకోం. 'వెలేసిన దేశం' అని రాస్తే సరిపోతది. అప్పుడు వెలేసినోళ్లెవరని కూడా అడగొచ్చు.