తర్వాత ఎంత, ఎందుకు?

1, 2, 4, ఆ పక్కన ఒక ఖాళీ గడి. చిన్న తరగతుల వర్క్‌బుక్కుల్లో ఇలాంటి లెక్క తరచూ కనిపిస్తుంది. చాలామంది పిల్లలు 8 అని రాస్తారు. ప్రతిసారీ రెట్టింపవుతోంది కాబట్టి అది సరైనదే. ఒక పాప 7 అని రాసిందనుకోండి. ముందు ఒకటి కలిసింది, తర్వాత రెండు కలిసింది, ఇప్పుడు మూడు కలవాలన్నది ఆమె లెక్క. అదీ సరైనదే. కానీ జవాబుల పట్టికలో 8 ఒక్కటే ఉంటుంది. ఆ పాప నోట్‌బుక్‌లో ఇంటూ గుర్తు పడుతుంది, తన ఆలోచన తప్పనుకుని రేపటి నుంచి పక్కవాళ్ల పలక చూసి రాస్తుంది. ఇంతకంటే పెద్ద నష్టం లెక్కల తరగతిలో నాకు కనిపించదు.

బాన్సువాడలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్తూ నేను గట్టిగా పట్టుకున్న మాట ఒకటే. ఖాళీలో ఏం రాశారని కాదు, అది ఎట్లా తెలిసిందని అడగాలి. పిల్లలు నోరు తెరిచి చెప్పేదాకా ఆగాలి.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు బాగా రావాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్ తెచ్చింది, మన తెలంగాణలో 2022లో తొలిమెట్టు మొదలైంది. రెండూ అవసరమైన పనులే. అయితే బడిలో చూపంతా కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాల మీదే నిలిచి, ఇలాంటి వరుసలు నేర్పే అమరికల పాఠం తొందరగా దాటిపోతోంది. నిజానికి ఆ నాలుగింటికీ దారి అమరికల్లోంచే ఉంది. తొమ్మిదో ఎక్కాన్ని ఒకదాని కింద ఒకటి రాయించండి. 09, 18, 27, 36, 45. ఎడమవైపు అంకె ఒకటి పెరుగుతోంది, కుడివైపు అంకె ఒకటి తగ్గుతోంది. ఈ సంగతి పిల్లలే కనిపెడితే 90 దాకా వాళ్లే రాసుకుంటూ పోతారు. మనం ముందే చెప్పేస్తే అది ఇంకో బట్టీ పాఠం అవుతుంది.

అంకెల కన్నా ముందు చేతికి పని ఉండాలి. బతుకమ్మ పేర్చే ఇంట్లో పెరిగిన పిల్లలకు ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు, మళ్లీ తంగేడు అంటే వివరించనక్కర్లేదు. తర్వాత ఏ వరుసో వాళ్లే చెప్తారు. చింతగింజలతోనూ, గవ్వలతోనూ ఇదే చేయొచ్చు. మళ్లీ మళ్లీ వచ్చే వరుస కుదిరాకే, పెరిగే వరుసకు పోవాలి.

పెరిగే వరుసకు ముగ్గును మించిన పాఠం నాకు తెలీదు. సందు చుక్క పెట్టి 1, 2, 3, 2, 1 వేయించండి. మొత్తం తొమ్మిది చుక్కలు. నడుమ నాలుగు వచ్చేలా వేస్తే పదహారు. ఐదు వచ్చేలా వేస్తే ఇరవై ఐదు. ఇప్పుడు అవే చుక్కల్ని అడ్డంగా కాకుండా ఏటవాలుగా చూడమనండి. మూడేసి చుక్కల మూడు వరుసలు, నాలుగేసి చుక్కల నాలుగు వరుసలు కనిపిస్తాయి. మూడు మూళ్లు తొమ్మిది అని ఎక్కంలో ఊరికే చదివిన మాట అక్కడ నేల మీద ఉంటుంది. ఏ వైపు నుంచి లెక్కపెట్టినా చుక్కలు మారవన్న నమ్మకం ఆ వయసులో కుదరడం చాలా పెద్ద విషయం.

ఇలా ఎక్కి దిగే వరుస మీద మక్కువ మనవాళ్లకు కొత్త కాదు. 9వ శతాబ్దపు గణితవేత్త మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో 12345654321 అనే సంఖ్యను, ఒకటితో మొదలై ఆరు దాకా పెరిగి మళ్లీ తగ్గేదిగా వర్ణించాడు. 111111ను 111111తో గుణిస్తే వచ్చేది ఈ సంఖ్యే. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పిల్లలతో 11ను 11తో, 111ను 111తో గుణింపజేయండి. 121, 12321 వచ్చాక, నాలుగు ఒకట్లకు ఏమొస్తుందో గుణించకుండానే చెప్తామని పోటీ పడతారు.

నిజాంసాగర్ నీళ్లతో వరి పండే ప్రాంతం మాది. వడ్ల కాంటాలు జరిగే రోజుల్లో 40, 80, 120, 160, 200 కిలోలని బస్తాల లెక్క పిల్లల నోట కూడా ఆడుతుంది. ఐదు బస్తాలకు రెండు క్వింటాళ్లని వాళ్లకు తెలుసు. ఆ తెలివిని బడి బయటే వదిలి రమ్మంటే ఎట్లా?

ఇంకో మాట. ఇక్కడి తరగతుల్లో ఉర్దూ, మరాఠీ మాట్లాడే ఇళ్ల పిల్లలూ ఉంటారు. తెలుగులో ఇరవై ఒకటి, ముప్పై ఒకటి, నలభై ఒకటి అంటుంటే వరుస చెవికే తెలుస్తుంది. ఇక్కీస్, ఇకత్తీస్, ఇకతాలీస్ అని నేర్చిన పిల్లలకు అంత తేలిక కాదు. వాళ్లు వెనకబడ్డారనుకోవద్దు. వంద గడుల పట్టికలో 21, 31, 41 ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వేలితో కిందికి దిగమనండి, పది పది పెరగడం కంటికి కనిపిస్తుంది.

తల్లిదండ్రులకు నా మనవి. వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు పిండి గిన్నె కాసేపు మీ కొడుకుకైనా, బిడ్డకైనా ఇవ్వండి. పై వరుసలో ఎన్ని చుక్కలు రావాలో అడగండి, ఎందుకో కూడా అడగండి. జవాబు మీరనుకున్నది కాకపోతే వెంటనే దిద్దకండి, ముందు వాళ్ల లెక్క వినండి.