పిల్లలు పుట్టని దళిత స్త్రీ ఎక్కడ?

కుటుంబ నియంత్రణ మీద మనవాళ్లు చాలానే రాశారు. రాయాల్సిందే. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో కొన్ని గంటల్లోనే 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా చనిపోయారు. కానీ ఈ విమర్శ కూడా తెలియకుండానే రాజ్యం లెక్కను ఒప్పుకుంటున్నది. దళిత స్త్రీ అంటే పిల్లలు ఎక్కువైన స్త్రీ. మరి పిల్లలు పుట్టని దళిత స్త్రీ మన వ్యాసాల్లో ఎక్కడుంది?

మా చిన్నమ్మను వాడంతా గొడ్రాలన్నది. పట్నంలో ప్రైవేటు డాక్టరు క్లోమిఫిన్ మాత్రలు రాసిండు. ఒంట్లో ఈస్ట్రోజెన్ తగ్గిందని మెదడు అనుకునేటట్టు చేస్తుందా మాత్ర. అప్పుడు పిట్యూటరీ గ్రంథి ఎక్కువ హార్మోన్ వదిలి అండాన్ని ఎదిగిస్తుంది. అండం విడుదల కానివాళ్లకు అది మంచి మందే. కానీ గర్భనాళాలు మూసుకుపోతే? లోపం మగవాడిలో ఉంటే? మన దేశంలో నాళాలు మూసుకుపోవడానికి క్షయ ఒక ముఖ్య కారణం. క్షయ ఎవరి ఇళ్లను వదలదో వేరే చెప్పాలా?

చిన్నమ్మ కూలిడబ్బులతో ఏడాది మాత్రలు మింగింది. చిన్నాయనకు వీర్యపరీక్ష చేయించమని డాక్టరూ అనలేదు, వాడా అనలేదు.

కాబట్టి నా పేచీ మందుతో కాదు. మందుకు ముందు భార్యాభర్తలిద్దరికీ పరీక్షలు, మందు వాడేటప్పుడు స్కానింగు సర్కారు దవాఖానలో ఉచితంగా కావాలని అడగాలి. వద్దనుకునే హక్కు ఎంతో, కనే హక్కూ అంతే. మన మగవాళ్లను వదిలేసి రాజ్యాన్నొక్కదాన్నే నిలదీస్తే అది సగం విమర్శే.