సముద్రము, శీతోష్ణస్థితి: రేచెల్ కార్సన్ గ్రంథముపై ఒక పరిశీలన

అమెరికాకు చెందిన జీవశాస్త్రజ్ఞురాలు రేచెల్ కార్సన్ రచించిన ‘ది సీ ఎరౌండ్ అస్’ అను గ్రంథము 1951లో వెలువడినది. మరుసటి యేడు దానికి అమెరికా జాతీయ గ్రంథ పురస్కారము లభించినది. సముద్రముల పుట్టుక, అలలు, ఆటుపోట్లు, లోతులలోని జీవులు మొదలైన విషయములన్నీ ఇందులో ఉన్నవి. పరిభాషతో పాఠకుని బెదరగొట్టక, విషయమును పలుచన చేయక చెప్పగలుగుటే ఈ గ్రంథపు గొప్పతనము.

ఇందులో శీతోష్ణస్థితిపై సముద్రపు ప్రభావమును గూర్చిన అధ్యాయమొకటి కలదు. నేటి పాఠకుడు దానిని జాగ్రత్తగా చదువవలెను. ఉత్తరధ్రువ ప్రాంతము వేడెక్కుచున్నదని కార్సన్ ఆనాడే వ్రాసినది. స్పిట్స్‌బెర్గెన్ తీరమున ఓడలు తిరుగగల కాలము పెరిగినదనియు, గ్రీన్‌లాండు సముద్రములోనికి కాడ్ చేపలు వచ్చి చేరినవనియు, పక్షులు మరింత ఉత్తరమునకు పోవుచున్నవనియు ఆమె చూపినది. ఇవి చూచి, లెక్కించి చెప్పిన సంగతులు. వీటికి వన్నె తరుగలేదు.

మరి కారణమేమి? ఇక్కడ ఆమె స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆటో పెటర్సన్ సిద్ధాంతమును ఆశ్రయించినది. చంద్ర సూర్యుల ఆకర్షణ సుమారు 18 శతాబ్దముల ఆవృత్తిలో హెచ్చి తగ్గుననియు, ఆటుపోట్లు బలముగా ఉన్న కాలములో ధ్రువపు మంచు విరిగి దక్షిణమునకు కొట్టుకొనివచ్చి చలి ముదురుననియు, అవి బలహీనమైనపుడు చలి తగ్గుననియు ఆ సిద్ధాంతసారము. కథవలె సాగు ఆ వర్ణనలో ఇది కేవలము ఊహ అన్న సంగతి పాఠకుడు మరచిపోవును. లోపము ఇదియే.

బొగ్గు మండించుటవల్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కుచున్నదని ఇంగ్లండులో కాలెండర్ 1938లోనే ప్రకటించెను. కాని నాటి శాస్త్రజ్ఞులలో పెక్కుమంది నమ్మలేదు. కనుక కార్సన్‌నొక్కతెనే తప్పుపట్టుట న్యాయము కాదు. ఆనాటి వేడిమిలో ప్రకృతిసహజమైన హెచ్చుతగ్గులకు పాలున్నమాట కూడ నిజమే. తరువాతి కథ వేరు. 1958లో పది లక్షల పాళ్లలో సుమారు 315 పాళ్లున్న ఆ వాయువు నేడు 420 దాటినది. ఉత్తరధ్రువ సముద్రపు మంచు 1979 సెప్టెంబరులో సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లుండగా, 2012 సెప్టెంబరులో 34 లక్షలకు దిగినది. అదనముగా చేరిన వేడిమిలో నూటికి తొంబది పాళ్లకు పైగా సముద్రమే దాచుకొనుచున్నది.

మనుష్యుడు ఖండములను దోచుకొన్నట్లు సముద్రమును లొంగదీయలేడని కార్సన్ 1951లో భావించినది. 1961 నాటి కూర్పునకు వ్రాసిన పీఠికలో, అణుధూళిని, అణుశక్తి వ్యర్థములను సముద్రమున పారవేయుటను చర్చించుచు, ఆ నమ్మకము అమాయకమైనదని తానే ఒప్పుకొన్నది. తన మాటను తానే దిద్దుకొనుట శాస్త్రరచనకు అలంకారము. 1964లో ఆమె మరణించినది. శీతోష్ణస్థితి అధ్యాయమును దిద్దు పని మిగిలిపోయినది.

ఆమె పేర్కొన్న స్పిట్స్‌బెర్గెన్‌లోనే 2008లో భారతదేశము ‘హిమాద్రి’ పరిశోధన కేంద్రమును నెలకొల్పినది. అక్కడి కొలతలే ఆ అధ్యాయమునకు అనుబంధములు. గ్రంథమును నేటికిని చదువవలసినదే. అయితే అందు చూచినదేదో, ఊహించినదేదో వేరుపరచుకొని చదువవలెను.