కృష్ణారెడ్డి ముద్రణాచిత్రాలు: ప్రాంతీయ వారసత్వం – ఒక పునఃపరిశీలన

కీలకపదాలు: కృష్ణారెడ్డి, ముద్రణాచిత్రం, స్నిగ్ధత, లేపాక్షి, రాయలసీమ

1. ఉపోద్ఘాతం

రాయలసీమ చిత్రకళ అనగానే హిందూపురం సమీపంలోని లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది చిత్రాలు తలపుకు వస్తాయి. 16వ శతాబ్దానికి చెందిన ఆ చిత్రాలను పెనుకొండ కేంద్రంగా సాగిన విజయనగర పాలనతో ముడిపెట్టడం, ధర్మవరం పట్టుచీరల అంచులకు లేపాక్షి నమూనాలే ఆధారమనడం పరిపాటి. ఇదే సీమలో, చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, పారిస్, న్యూయార్క్ నగరాల్లో ఆధునిక ముద్రణాకళను మలుపు తిప్పిన కృష్ణారెడ్డిని కూడా ఆ వారసత్వంలోనే చేర్చవచ్చునా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. శిల్పుల శిక్షణ

శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద చదివిన కృష్ణారెడ్డి, ఆపై లండన్‌లో హెన్రీ మూర్, పారిస్‌లో జాడ్కిన్, మిలాన్‌లో మరీనో మరీనీల వద్ద అభ్యసించారు. విదేశాల్లోని ఈ ముగ్గురు గురువులూ శిల్పులే. హేటర్ నడిపిన పారిస్ ముద్రణాశాల ‘అతెలియే 17’లో చేరిన తరువాత కూడా ఆయన శిల్పిగానే పనిచేశారు. లోహపు రేకును గీతలు గీసే తలంగా కాక, చెక్కవలసిన ఉబ్బెత్తు శిల్పంగా భావించారు.

3. రంగు, లోతు

అంతకుముందు ఒక్కో రంగుకు ఒక్కో రేకు వాడడం సాధారణం. హేటర్, కైకో మోతీలతో కలిసి కృష్ణారెడ్డి అభివృద్ధిపరచిన పద్ధతిలో ఒకే రేకుపై పలు రంగులను చేర్చి ఒకేసారి అచ్చుతీస్తారు. గట్టి రోలర్ రేకు పైభాగాలను మాత్రమే తాకుతుంది. మెత్తని రోలర్ లోతులకూ చేరుతుంది. నూనె ఎక్కువైన పలుచని సిరాపై చిక్కని సిరా అంటదు. స్నిగ్ధతలోని ఈ తేడా వల్ల రంగులు కలగాపులగం కాకుండా పక్కపక్కనే నిలుస్తాయి.

లేపాక్షిలో రేఖ ఆకృతికి హద్దు కడుతుంది, రంగు ఆ హద్దును నింపుతుంది. 1963నాటి ‘సుడిగుండం’లో అటువంటి హద్దు లేదు, లోతు మారినచోటల్లా రంగు మారుతుంది. కనుక ఇక్కడ కనిపించేది సాదృశ్యం కాదు, మౌలికభేదం.

అయితే ఈ పద్ధతిపై అబ్బురం బొమ్మను మరుగుపరచే ప్రమాదమూ ఉంది. 1968నాటి ‘ప్రదర్శనకారులు’ దీనికి సమాధానం. పారిస్ వీధుల్లోని తిరుగుబాటు నేపథ్యంగల ఆ చిత్రంలో గుంపుగా నిలిచిన మానవాకృతులు రేకు లోతుల్లోంచే పుడతాయి. సాంకేతికత అక్కడ అలంకారం కాదు, అర్థమే.

4. ముగింపు

1972లో పద్మశ్రీ అందుకొని, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూసిన కృష్ణారెడ్డిని సీమ తనవాడనుకోవడం న్యాయమే. కానీ పుట్టిన ఊరు శైలికి సాక్ష్యం కాజాలదు. లేపాక్షి ఆయనకు మూలం కాకపోయినా, ఆయన సాధించిన భేదాన్ని కొలిచేందుకు మనకు దగ్గరి కొలబద్ద. ప్రాంతీయ కళావిమర్శ వారసత్వాలను ప్రకటించడానికి ముందు ఆ రేకు లోతులను చదవవలసి ఉంది.